‘లేదా’ కొట్టేసిన టీచరుగారు

మొన్న మంగళవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే టీచరుగారి అమ్మాయి ఫోన్ చేసింది. “అక్కా, అమ్మ వెళ్ళిపోయింది” అంది. ఆ వెంటనే “నువ్వు టిఫిన్ తిన్నావా?” అని నన్నే అడిగింది. కారు గరాజ్‌లోనే ఆపేసి ఏడ్చాను. వయసు ఎనభై దాటింది, ఊపిరితిత్తులు మొరాయించి మూడు వారాలైంది, రేపో మాపో అని అందరికీ తెలుస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగుతుందా!

అమెరికాలో మోరిస్‌విల్‌కి ఆనుకుని ఉన్న మా చిన్న ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పిల్లలకీ టీచరుగారే, పెద్దలకీ టీచరుగారే. ఉత్తరాలు తెచ్చే అమెరికన్ పెద్దాయన ‘గారు’ అన్నది ఇంటిపేరనుకుని “గుడ్ మార్నింగ్, మిసెస్ గారూ” అనేవాడు. అందరి తప్పులూ దిద్దే మనిషి, అది మాత్రం దిద్దలేదు. “ఉండనీవే, మర్యాద రెండింతలైంది” అనేవారు.

గుంటూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు గ్రామరు చెప్పి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చి, ఇక్కడే సిటిజన్ అయ్యారు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. ఆమె చేతికి అక్షరం దొరికితే చాలు, చదవాల్సిందే. మందుల సీసా మీద చీమతలకాయంత అక్షరాలు కూడా వదిలేవారు కాదు. ఇండియన్ స్టోర్ వాడు ‘కర్రీ లీవ్స్ కమింగ్ టుడే’ అని బోర్డు పెడితే, “ఏమయ్యా, కరివేపాకు దానంతటదే నడిచొస్తోందా, ఎవరైనా తెస్తున్నారా?” అని నిలదీశారు. మాకు నవ్వూ వచ్చేది, ఒక్కోసారి చిరాకూ వచ్చేది. ఉన్నమాట చెప్పాలి, నేను ఆమెను తప్పించుకు తిరిగిన రోజులున్నాయి. ఆ దీపావళి వచ్చేదాకా.

ఆ సాయంత్రం పార్కులో మా వీధి తెలుగువాళ్ళమంతా చేరాం. కాకరపువ్వొత్తులు వెలిగించుకున్నాం. మా అమ్మాయి కోసం డాలర్ స్టోర్‌లో రీళ్ళ తుపాకి కొన్నాను. అదే, ఎర్ర రీలు పెట్టి టప్పు టప్పుమనిపించే బొమ్మ తుపాకి. దాని చేతిలోంచి తీసుకుని నేనూ నాలుగుసార్లు పేల్చాను, చిన్నప్పటి సరదా పోతుందా? ఎవరో చప్పుడు విని పోలీసులకి ఫోన్ చేశారు. వచ్చిన ఆఫీసర్ మర్యాదగానే అడిగాడు, ఏం చేస్తున్నారని. నేను కంగారులో, మనసులో ఉన్న ‘దీపావళి తుపాకి కాలుస్తున్నాం’ అన్న మాటని ఇంగ్లీషులోకి మార్చి, “వియ్ వర్ జస్ట్ షూటింగ్ అవర్ దీవాలీ గన్, ఆఫీసర్” అన్నాను.

ఆయన ఆ మాట అలాగే రాసుకుని టికెట్ చేతిలో పెట్టాడు. పార్కులో ‘ఫైర్‌ఆర్మ్’, అంటే తుపాకి, పేల్చినందుకు!

మీలో గ్రీన్‌కార్డ్ క్యూలో నిలబడ్డవాళ్ళుంటే నా గుండె ఏమైందో విడిగా చెప్పక్కర్లేదు. అప్పటికి పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నాం. అప్లికేషన్‌లో ఎక్కడైనా ‘ఫైర్‌ఆర్మ్’ అన్న మాట పడితే మా బతుకేం కాను? ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే సలహా: “తప్పు ఒప్పుకుని సంతకం పెట్టేయ్, గొడవ వదిలిపోతుంది. కోర్టులూ అవీ మనకెందుకు?” మా ఆయనా అదే అన్నాడు. నేను పెన్ను తీశాను కూడా. అప్పుడే, అరిసెలు పట్టుకుని టీచరుగారు వచ్చారు. బల్ల మీద కాగితం ఉంటే ఆమె చదవకుండా ఉంటారా?

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావుటే? పెన్ను కింద పెట్టు” అన్నారు.

జరిగింది చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి నన్నే చూశారు. “వంకాయ కాలుస్తాం, టపాకాయ కాలుస్తాం, తుపాకీ కాలుస్తాం. ఇంగ్లీషులో ‘షూట్’ అంటే తుపాకీ ఒక్కటే. నువ్వు తెలుగులో నిజం చెప్పి ఇంగ్లీషులో నేరం ఒప్పుకున్నావు. సరే, నీ తప్పు నీది. వాళ్ళ రూలేమందో చూద్దాం.”

మర్నాడు నన్ను డ్రైవ్ చేయమని సిటీ హాల్‌కి వెళ్ళి, ఊరి తుపాకుల రూలు, అదే ఆ ఆర్డినెన్స్ కాపీ అడిగి తెచ్చుకున్నారు. రెండు పేజీలు. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఎర్ర పెన్నుతో మాట మాటా నొక్కుతూ చదివారు. తుపాకి అంటే ఏమిటో అందులో చెప్పిన వాక్యం దగ్గర ఆగారు. గుండు విసిరే సాధనం, లేదా పేలుడు పదార్థంతో చప్పుడు చేసే సాధనం. అదీ వాళ్ళ నిర్వచనం.

“దొరికిందే! కొంపంతా ఈ ‘లేదా’ దగ్గర మునిగింది” అన్నారు, పండగొచ్చినంత సంబరంగా.

రెండు వారాల తర్వాత కౌన్సిల్ మీటింగ్. ఊళ్ళో ఎవరైనా మైకు దగ్గర మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. “నేను మాట్లాడతాను. నువ్వు రానక్కర్లేదు, నీ పేరు చెప్పను” అన్నారు టీచరుగారు. ఉండబట్టలేక వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాను. తుపాకుల సంగతని తెలిసి, అవి ఉండాలనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ రెండు పక్షాలవాళ్ళూ వచ్చారు. టీచరుగారు గంజిపెట్టిన నేత చీరలో, మైకు పొడవు తగ్గించమని అడిగి, మొదలుపెట్టారు. మీ రూల్లో తప్పుంది అనగానే తుపాకులు ఉండాలనేవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె వెనక్కి తిరిగి, క్లాసులో అల్లరి పిల్లల్ని చూసినట్టు చూశారు.

“మీరాగండి. నాకు తుపాకులంటే అసహ్యం. అందుకే రూలు సరిగ్గా ఉండాలంటున్నాను” అన్నారు ఇంగ్లీషులో. ఈసారి అవతలి పక్షం చప్పట్లు కొట్టబోయి, ఆ చూపు తమ మీద పడేసరికి మానుకుంది.

ఆ తర్వాత మేయర్‌ని అడిగారు: “ఈ వాక్యం ప్రకారం పరుగుపందెం మొదలెట్టే పిస్తోలూ తుపాకే. జులై నాలుగున స్వాతంత్ర్యం పండక్కి మీరు పార్కులో పేల్పించే టపాకాయ కూడా తుపాకే. మీకు టికెట్ ఎవరిచ్చారు?” హాలంతా గొల్లున నవ్వింది. మేయరూ నవ్వింది. కానీ సిటీ లాయరు నవ్వలేదు, ముందుకు వంగి, టికెట్ వచ్చిన మనిషి ఎవరని అడిగాడు.

“ఈ ఊరి మనిషి. వ్యాకరణానికి పేరుతో పనిలేదు” అన్నారు టీచరుగారు.

నాకోసం ఎనభై ఏళ్ళ మనిషి అక్కడ నిలబడితే, నేను వెనక తలొంచుకు కూర్చున్నాను. సిగ్గేసింది. లేచి నిలబడి “ఇట్ వాజ్ మీ” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, మళ్ళీ అన్నాను. టీచరుగారు తిరిగి చూడలేదు. తన ఎర్రసిరా కాగితం లాయరు చేతికిచ్చి, “రీరైట్ చేయండి” అని చెప్పి, మూడు నిమిషాలు పూర్తికాకుండానే వచ్చి కూర్చున్నారు.

తిరగ రాశారండీ! నిర్వచనంలో ‘లేదా’ పోయింది, ‘మరియు’ వచ్చింది. నిజం తుపాకుల మీద నిషేధం చెక్కుచెదరలేదు. నా టికెట్ వాపసు తీసుకున్నారు. “అడగందే అమ్మయినా పెట్టదు, సిటీవాళ్ళు పెడతారుటే?” అని టీచరుగారు ఆ సంగతి అంతటితో వదిలేశారు. నేనే చూసినవాళ్ళందరికీ చెప్పుకు తిరిగాను. ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను కదా, మీకు.

ఈ ఏడాది మా వంతు వచ్చింది. గ్రీన్‌కార్డ్ అప్లికేషన్‌లో, ఎప్పుడైనా టికెట్ గానీ కేసు గానీ పడిందా అన్న అర్థంలో ఒక ప్రశ్న. ఎలాగూ వాపసు తీసుకున్నారు కదా, ‘నో’ అని పెట్టేద్దామని నా ఆశ. టీచరుగారిని అడిగాను. అడగకపోయినా బాగుండేదని అప్పుడు అనిపించింది.

“వాపసు తీసుకున్నారా అని అడిగారుటే? ఇచ్చారా అని అడిగారు. ప్రశ్న చదివి జవాబు రాయి.”

“ఆ ఒక్క మాటతో అంతా పోతేనో, టీచరుగారూ?”

“పోతే ఇద్దరం కలిసి మళ్ళీ అడుగుదాం.”

‘యెస్’ అని రాశాను. ఇంటర్వ్యూ నాటికి ఆమె హాస్పిటల్లో ఉన్నారు. ఇమిగ్రేషన్ ఆఫీసర్ సరిగ్గా అక్కడే వేలు పెట్టి అడిగింది. దాచకుండా చెప్పాను, రీళ్ళ తుపాకి దగ్గర్నుంచి ‘లేదా’ దాకా. పాత రూలూ కొత్త రూలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆవిడ చాలాసేపు చదివింది. చివరికి ఫైలు మూసి, అప్రూవ్ చేస్తున్నానంది.

అక్కణ్ణుంచి తిన్నగా హాస్పిటల్‌కే వెళ్ళాను. టీచరుగారు ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో, దిండ్లకి ఆనుకుని ఉన్నారు. “వచ్చిందండీ!” అన్నాను ఏడుస్తూ. వచ్చినందుకు సంతోషమో కాదో ముఖంలో తెలియనివ్వలేదు.

“ఏం చెప్పావ్?”

“యెస్ అనే చెప్పానండీ.”

ఆమె గొట్టం లాగేసి లేవబోయారు. మానిటర్ గోల పెట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చి, “మేడమ్, మీరిలా చేయకూడదు” అని కోప్పడింది. ఆమె అదేమీ వినిపించుకోలేదు. ఆయాసంతోనే నావైపు వేలు చూపించి, నర్సుతో “మై స్టూడెంట్” అన్నారు. నేను ఆమె క్లాసులో ఏనాడూ కూర్చున్నదాన్ని కాదు. నర్సు ఆమె భుజం పట్టి వెనక్కి పడుకోబెట్టి గొట్టం సర్దుతున్నంతసేపూ, ఆ వేలు నావైపే చూపిస్తూ ఉంది.