అన్న జుట్టు, అవ్వ మొక్కు

నేను డిగ్రీ పాసయ్యానని మొట్టమొదట విన్నది మా ఇంట్లోవాళ్లు కాదు, మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే బస్సు కండక్టరు. కాలేజీ నోటీసు బోర్డు మీద నా నంబరు చూసుకుని, చూసింది నిజమేనా అని మళ్లీ వేలు పెట్టి చూసుకుని, ఉరుక్కుంటూ వచ్చి బస్సెక్కాను. టికెట్టు ఎక్కడికని అడిగితే "ఫస్ట్ క్లాసు" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"గీ బస్సుల గసొంటివేం లెవ్వమ్మా. యాడ దిగుతవ్?"

అప్పుడు సంగతి చెప్పాను. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు ఎవరూ లేరని కూడా చెప్పాను. ఆయన అడగలేదు, నేనే ఆగలేకపోయాను.

ఇంటికి పోవాలంటే అలియాబాద్‌లో దిగాలి. నేను అక్కడ దిగకుండా శామీర్‌పేట దాకా పోయాను. అక్కడొక తోట బంగళాలో అన్న షూటింగు జరుగుతోంది. ఈ వార్త ముందు వాడికే చెందాలి. ఇంటరు మధ్యలో ఆపేసి గిటారు పట్టుకున్న రోజు వాడు నాతో, "నా వంతు సదువు గూడ నువ్వే సదువు చెల్లె" అన్నాడు. వాడి వంతూ నా వంతూ కలిపి ఫస్ట్ క్లాసు వచ్చింది మరి.

బాపు ద్రాక్ష తోటల్లో పందిళ్లకు తీగలు బిగించేవాడు. అన్నకు సంగీతం పట్టుకుంది ఆ పందిళ్ల కిందే. బాపు బిగించిన తీగనల్లా వేలితో మీటి, అది ఎట్లా మోగుతుందో వింటూ తిరిగేవాడు. తర్వాత సికింద్రాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన గిటారు దొరికింది, తోడుగా ముగ్గురు స్నేహితులు దొరికారు. నలుగురూ కలిసి రాక్ బ్యాండ్ పెట్టి, ఊరి చివర ఖాళీగా పడివున్న కోళ్ల షెడ్డులో ప్రాక్టీసు చేసేవాళ్లు. డ్రమ్ముల మోతకు పక్క చేనాయన మా బాపుతో మొరపెట్టుకునేవాడు.

"కోళ్లున్నప్పుడే నయముండెనే. అవి పొద్దుగాల ఒక్కసారి కూసి ఊకునేటియి."

కాలేజీ పండగల్లో వాడు పాడుతుంటే పిల్లలు బెంచీలెక్కి ఊగేవారు. వాడు తల విదిలిస్తే భుజాలు దాటిన జుట్టు గాల్లో లేచి పడేది. ఆ జుట్టు వాడి నెత్తి మీద ఉన్నా, అది మా నాయనమ్మది, అవ్వదే. ప్రతి ఆదివారం అవ్వ అరుగు మీద కూర్చుని, వాణ్ని కింద మెట్టు మీద కూర్చోబెట్టి, ఆముదమూ కొబ్బరినూనే కలిపి కుదుళ్లకు పట్టించేది. అది అయ్యాక వాడు అవ్వ వెనక చేరి, ఆమె తెల్లజుట్టు చిక్కు తీసి కొప్పు చుట్టేవాడు. అవ్వ కొప్పు మా వాడకట్టులోనే పెద్దది. ఎదురింటామె చూసి నవ్వేది.

"ఇద్దరాడోళ్లు మంచిగ ముస్తాబైతున్నరు."

"నీ మొగనిది బట్టతల. జుట్టు సంగతి నీకేమెరుక?" అనేది అవ్వ, తలెత్తకుండానే.

వాణ్ని సినిమాల్లోకి లాక్కుపోయింది కూడా ఆ జుట్టే. శామీర్‌పేట చెరువు కట్ట మీద ఫైటు తీస్తుంటే చూడ్డానికి వెళ్లాడు. రౌడీల్లో ఒకతను ఆ రోజు రాలేదట. జుట్టు చూసి వీణ్ని పిలిచారు. అప్పటినుంచి వాడివి రెండు బతుకులు. బ్యాండులో మధ్యలో నిలబడి పాడేవాడు. సినిమాల్లో ఒక్క మాట మాట్లాడకుండా గుడ్లురిమి చూసి, హీరో చేతిలో తన్నులు తిని పడిపోయేవాడు. ఊళ్లో ఎదురైనవాళ్లంతా "గీ సిన్మాల ఇంటర్వెల్ దాక ఉంటవా, ముందే సస్తవా?" అని అడిగేవాళ్లు. మొదటి సినిమాకి మేడ్చల్ టాకీసుకు అందరం వెళ్లాం. హీరో వాణ్ని ఎత్తి నీళ్లల్లోకి విసిరేయగానే అవ్వ లేచి నిలబడింది.

"మా పిలగాడు నీకేం జేసిండురా?"

"కూసో అవ్వా, లేస్తడు తియ్," అన్నారెవరో వెనకనుంచి.

"లేవకపోతే నువ్వు తెస్తవా?"

ఇన్నాళ్లకు వాడికి మాటలున్న వేషం దొరికింది. బ్యాండు పాట విన్న ఒక డైరెక్టరు హీరోయిన్‌కు అన్నగా వేషం ఇచ్చాడు. గిటారు వాయించే అన్న. ఆ రోజు వాడు ఇంటికొచ్చి, గట్టిగా అంటే పోతుందేమో అన్నట్టు నా చెవిలో "మాటలున్నయి చెల్లె" అన్నాడు.

బంగళా హాల్లో లైట్ల మధ్య నిలబడి ఉన్నాడు. ఒకతను నిన్న తీసిన ఫొటో ఒకటి చేతిలో పట్టుకుని, దానికి సరిపోయేట్టు వాడి జుట్టు దువ్వుతున్నాడు. నిన్న కుడి భుజం మీద ఉన్న పాయ ఇవాళా అక్కడే ఉండాలట. దాన్ని కంటిన్యుటీ అంటారు. "సినిమా అయ్యేదాకా ఒక్క వెంట్రుక తగ్గకూడదు బాబూ, తేడా వస్తే అంతా మళ్లీ తీయాలి," అంటున్నాడు.

నోట్లో ఉన్న ఫస్ట్ క్లాసు అక్కడే ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది అవ్వ మొక్కు.

నేను డిగ్రీలో చేరిన ఏడు అవ్వ కీసర గుట్టెక్కి శివుడికి మొక్కుకుంది. మనుమరాలు డిగ్రీ పాసైతే మనుమడి తలనీలాలు ఇస్తానని. ఇంటికొచ్చి చెబితే అందరం నవ్వాం.

"నా జుట్టే ఎందుకే అవ్వా?" అన్నాడు అన్న.

"దేవునికిచ్చేది ఇంట్ల ఏది మంచిగుంటే గది ఇయ్యాలె. మీ బాపు నెత్తిల ఏమున్నదని ఇయ్యాలె?"

పరీక్షలు మూడేళ్ల తర్వాతి సంగతి కదా అని వాడూ నవ్వి ఊరుకున్నాడు.

డైరెక్టరు విసుక్కుంటున్నాడు. "చెల్లెలికి పెళ్లి కుదిరిందని ఇప్పుడే విన్నావయ్యా. సంతోషపడాలి. నువ్వు చూస్తుంటే పెళ్లికొడుకుని చంపేసేలా ఉన్నావు." అందరూ నవ్వారు. ఇన్ని సినిమాల్లో గుడ్లురిమి గుడ్లురిమి వాడి ముఖానికి అదే అలవాటైపోయింది. కాసేపు ఆపండి అన్నారు. అన్న నా దగ్గరికి వచ్చాడు.

"ఏమాయె రిజల్టు?"

"ఇంకా రాలె."

"రాకపోతే గింత దూరం ఉత్తగనే వస్తివా?"

"ఊకెనే వచ్చిన."

వాడు నా ముఖంలోకి వంగి చూశాడు. "పోయి అద్దంల జూస్కో. మొఖం నిండ రాసి ఉంది."

"ఫస్ట్ క్లాసు," అన్నాను.

వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మేకప్ చెదురుతుందని తుడుచుకోకుండా, తల పైకెత్తి అట్లాగే కాసేపు నిలబడ్డాడు. ఇంతలో లోపలికి రమ్మని కేక. పోయి నిలబడ్డాడు. ఈసారి నవ్వమంటే నవ్వాడు. డైరెక్టరు వెంటనే ఓకే అన్నాడు, ఇంతసేపు ఈ నవ్వు ఎక్కడ దాచావయ్యా అని కూడా అన్నాడు.

బయటికి వచ్చాక వాడి చెయ్యి తల మీదికి పోయింది. వాడికీ మొక్కు గుర్తొచ్చిందని తెలిసింది.

"అవ్వకు జెప్పకుంటనే ఉందాం అన్నా, సిన్మా అయ్యేదాక."

"వద్దు. గీ ఒక్క మాట కోసమే కూసుంది ముసల్ది. పో, జల్దీ పోయి జెప్పు."

చెప్పాను. అవ్వ నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని మెటికలు విరిచింది. వెంటనే "సోమారం కీసర పోదాం" అంది. సాయంత్రం అన్న వచ్చి, ఆమె పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు.

"ఇంకా షూటింగుందే అవ్వా. ఇప్పుడు గుండు జేయించుకుంటే నా వేషం ఇంకొకనికిస్తరు. గీ ఒక్క సిన్మా కానీయ్."

"మొక్కు ఆపితే పిల్ల మీద పడతది కొడుకా."

"మొక్కేటప్పుడు వాన్ని ఒక్క మాటన్న అడిగినవా?" అన్నాడు బాపు.

"నేను పెంచిన జుట్టు. నేనెందుకడగాలె?" అంది అవ్వ. కానీ ఆ మాట చివర గొంతు సన్నబడింది.

చివరికి అన్నే అన్నాడు. "పిల్ల మీద పడతదన్నంక ఇగ నేనేమంట? సోమారం పోదాం." గిటారు తీసుకుని కోళ్ల షెడ్డుకు పోయాడు. షెడ్డులోంచి ఆ సాయంత్రం ఏ చప్పుడూ రాలేదు.

సోమవారం పొద్దున లేచేసరికి అవ్వ మంచం ఖాళీగా ఉంది. అన్న తలస్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని గడపలో కూర్చున్నాడు. దువ్విందే దువ్వుకుంటూ కూర్చున్నాడు. ఎండెక్కాక కూరగాయల ఆటో ఒకటి వచ్చి ఆగింది. అవ్వ దిగింది, తల నిండా కొంగు కప్పుకుని.

"యాడికి పోయినవే? నీ కోసం జూసి జూసి బస్సు గూడ పాయె," అన్నాడు అన్న.

అవ్వ కొంగు తీసింది. కొప్పు లేదు. నున్నటి గుండు మీద పచ్చటి గంధం.

"మొక్కిన నోరు నాది. నెత్తి నీదెట్లయితది?" అంది. "ఇది మిత్తి కట్టొచ్చిన. అసలు బాకి నీ సిన్మా అయినంక ఇద్దువు. పూజారికి గూడ జెప్పిన."

"పూజారేమన్నడు?"

"ఏమంటడు, నవ్విండు."

అవ్వ వచ్చి పక్కన కూర్చోగానే అన్న ఆమె ఒళ్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. అవ్వ వాడి వీపు మీద చరిచింది. "లే, లే. నూనె తే. నిన్న గీ లొల్లిల నూనె పెట్టుడే మరిచిన."

అరుగు మీద కూర్చుని ఎప్పటిలాగే నూనె పట్టించింది. అయిపోయాక వాడు, ఎప్పటిలాగే, దువ్వెన పట్టుకుని ఆమె వెనక్కి వెళ్లాడు. వెళ్లి, అట్లాగే నిలబడిపోయాడు. తర్వాత దువ్వెన అరుగు మీద పెట్టి, గిన్నెలో మిగిలిన నూనె చేతుల్లోకి తీసుకుని ఆమె గుండుకు మెల్లగా రాశాడు. అవ్వ కళ్లు మూసుకుంది.

సినిమా పూర్తయిన వారమే వాడు కీసర పోయి బాకీ తీర్చాడు. ఆ తర్వాతి ప్రోగ్రాంలో పాట ఊపులో తల విదిలించాడు. విదిలించడానికి ఏమీ లేదు. డ్రమ్ములాయన నవ్వు ఆపుకోలేక తాళం తప్పాడు. వాడూ నవ్వుతూనే పాడాడు.

సినిమా మేడ్చల్‌కు వచ్చినప్పుడు అందరం వెళ్లాం. అవ్వ తల మీద తెల్లటి వెంట్రుకలు వేలెడు లేచాయి, అన్న తల మీద గరుకుగా నల్లగా. చెల్లెలి పెళ్లి కుదిరిన సీను వచ్చింది. తెర నిండా అన్న నవ్వు, కుడి భుజం మీద జుట్టు పాయ. మా వెనక సీటాయన పక్కతనితో అన్నాడు, "గా జుట్టాయన మస్తు జేసిండు. సొంత చెల్లె ముచ్చట ఇన్నట్టే నవ్విండు."

అవ్వ వెనక్కి తిరిగింది. "గాయనే వీడు."

ఆయన అన్న తల వైపు చూశాడు. "పో అవ్వా. గాయన జుట్టేడ, గీయన గుండేడ. సిన్మా జూడనియ్."

చీకట్లో అన్న నా చెయ్యి పట్టుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికి.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు, పొద్దున్నుంచి దాచుకున్న రెండో వార్త చెప్పేశాను. "నాకు యూనివర్సిటీల పీజీ సీటొచ్చింది."

"డిగ్రీ అయినంక గూడ సదువుంటదా?" అంది అవ్వ. వెంటనే కీసర వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. అన్న గబుక్కున ఆ చేతులు పట్టుకున్నాడు.

"నీకు దండం బెడత. నోరు తెర్వకు."

"నీ జోలికి నేనెందుకొస్త? మీ బాపు మీసమున్నది గదా."

అప్పటిదాకా మాకేమీ పట్టనట్టు రోడ్డు వైపు చూస్తున్న బాపు, మీసం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని రెండడుగులు అవతలికి జరిగాడు.