నిమ్మ ఉప్పు పోసిన రేడియేటర్

మా వ్యాన్‌ది పాత డీజిల్ ఇంజిన్. సీట్లన్నీ పీకేసి మంచం, గ్యాస్ పొయ్యి, సింకు అమర్చుకుని, ఉద్యోగాలయ్యాక అందులోనే దేశం తిరగాలని నేనూ మా ఆయనా అనుకున్నాం. మొదటి ప్రయాణంలోనే, మొగిలి ఘాట్‌లో, ఇంజిన్ మరిగిపోయింది. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మా ఆయన ఆ రోజు ఏం తొందరపడ్డాడో, వేడి మీదే రేడియేటర్ మూత తిప్పాడు. మరిగే నీళ్లు ఎగజిమ్మి కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. చెయ్యి మానింది గానీ, ఆయన మళ్లీ ఆ వ్యాన్ ఎక్కలేదు. తిరుపతిలో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో దాన్ని నిలిపేశాడు. పాత ఇనుముకు వేసేద్దామన్నాడు.

నేను వేయనివ్వలేదు. నా కోపం వ్యాన్ మీద కాదు, ఆయన భయం మీద. ఊళ్లు తిరిగిన మనిషి ఇకమీదట టీవీ ముందు కుర్చీలోనే ఉండిపోతాడేమోనని నా దిగులు. అదే ఘాట్ మళ్లీ ఎక్కిస్తాను, ఆ తర్వాత మాట్లాడదాం అన్నాను. నవ్వాడు. ఆ నవ్వుకి నాకు మరింత మొండి పట్టుదల వచ్చింది.

మెకానిక్‌ని పిలిస్తే ఫ్యాన్ బెల్టు వదులైందని బిగించాడు. రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న పురుగుల్నీ దుమ్మునీ నేనే పాత టూత్‌బ్రష్‌తో దులిపాను. పగుళ్లిచ్చిన రబ్బరు గొట్టాలు మార్పించాను. అయినా నేను నడిపి చూస్తే, చంద్రగిరి దాటేసరికి వేడి చూపించే ముల్లు పైపైకి లేచేది. ఒకరోజు ఇడ్లీ పాత్ర తోముతుంటే తట్టింది. పాత్ర అడుగున తెల్లగా పెచ్చు కట్టి ఉంది. అంతా మా బోరు నీళ్ల చలవ. రేడియేటర్‌లో పోస్తున్నదీ ఆ నీళ్లే కదా! మా ఆయన కూడా బస్సు రోజుల నుంచీ అంతే, ఎక్కడ కుళాయి కనబడితే అక్కడ పట్టి పోసేవాడు. నీళ్లు ఏవైతేనేం అనేవాడు.

పాత్రకు చేసే వైద్యమే దీనికీ చేశాను. వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కరిగించి పోసి, ఇంజిన్ కాసేపు నడిపి, పూర్తిగా చల్లారాక కింది బిరడా విప్పాను. తుప్పు రంగు నీళ్లు, వాటితోపాటు సున్నం పలుకులు వచ్చాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాను. ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను. తెల్లారి చూస్తే వ్యాన్ కింద నేలంతా తడి. రేడియేటర్ మూడు చోట్ల కారుతోంది.

మెకానిక్ వంగి చూసి తల గోక్కున్నాడు.

"ఆ సున్నం పెచ్చే ఇన్నాళ్లూ బొక్కల్ని మూసిపెట్టుకోనుండాదక్కా. నువ్వు దాన్ని కడిగేసినావు."

మా ఆయన వరండాలో నిలబడి విన్నాడు. విని లోపలికెళ్లి టీవీ పెట్టుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నా చేతులారా పాడుచేశానని ఏడ్చాను. ఏడుపు తీరాక రేడియేటర్ విప్పించి, టంకం వేసే ఆయన దగ్గరికి ఆటోలో పట్టుకెళ్లాను. అతను దాన్ని నీళ్ల తొట్టిలో ముంచి, గాలి కొట్టి, బుడగ వచ్చిన చోటల్లా అతికించాడు. ఈసారి బోరు నీళ్ల జోలికి పోలేదు. బ్యాటరీలకు పోసే శుద్ధమైన నీళ్లలో, ఇంజిన్‌ని చల్లగా ఉంచే కూలెంట్ కలిపి నింపాను.

ఆ వారమే ఒక్కదాన్నే బయల్దేరాను. చిత్తూరులో పనుందని మా ఆయన పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను ఘాట్‌కి పోతుంటే చూడలేక తప్పించుకున్నాడని దారి పొడవునా మనసులో తిట్టుకున్నాను. బంగారుపాళ్యం దాటాక ఘాట్ ఎక్కుడు మొదలైంది. రెండో గేరులో వ్యాన్ మూలుగుతూ పోతోంది. ముల్లు సగం దాటింది. సరిగ్గా మేం అప్పట్లో ఆగిపోయిన మలుపులోనే, రోడ్డు పక్కన ఆయన నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు నీళ్ల క్యాన్లు. నా కాలు బ్రేకు మీదికి పోయింది. ఆయన క్యాన్లు కింద పడేసి, ముందుకు పొమ్మని చేతులు ఊపాడు.

"ఆపొద్దు. పోతా ఉండు. ఎక్కుడులో ఆపొద్దు."

ఆపలేదు. ముల్లు అక్కడి నుంచి కదల్లేదు. ఘాట్ పైన చదునుగా ఉన్నచోట పక్కకు నిలిపాను. ఇంజిన్ ఆపి సీట్లోనే అలాగే కూర్చున్నాను. తిట్టుకున్నందుకు సిగ్గేసింది. పొద్దుటి నుంచి ఆ ఎండలో, ఆ బరువులు మోసుకుని ఎంతసేపు నిలబడ్డాడో.

ముప్పావుగంటకు పలమనేరు వైపు పోయే లారీ ఒకటి ఆగి, ఆయన్ని దింపింది. ముల్లు యాడిదాకా పోయిందని అడిగాడు. చెప్పాను. నా మాట నమ్మకుండా వంగి, వ్యాన్ కింద ఎక్కడైనా తడి ఉందేమోనని తనే చూసుకున్నాడు. అనుకున్నది అయింది కదా, ఇక ఇంటికి పోదామని నేను బండి స్టార్ట్ చేసి స్టీరింగ్ తిప్పబోయాను. ఆయన చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ తలుపు తీసి, ఎక్కి నా పక్కన కూర్చున్నాడు.

"తిప్పొద్దు," అన్నాడు. "ముందరికి పోనీ."