పిన్ని తలకు రెండో అచ్చు

మొన్న కొరాపుట్ నుంచి మా మేనకోడలు వచ్చి, వాళ్ల మామగారికి మెదడులో గడ్డకు రేడియేషన్ ఇచ్చినన్నాళ్లూ తొడిగిన ప్లాస్టిక్ వల ముసుగును సంచిలోంచి తీసి, దీన్ని ఇంట్లో ఉంచొచ్చా, పారేయాలా అని అడిగింది. ఉంచుకోమన్నాను. రాయగడలో మా వసారాలో కూర్చుని దాన్ని తిప్పి చూస్తుంటే, రిటైరై ఇన్నేళ్లయినా నా వేళ్లు వాటంతటవే గడ్డం దగ్గర బిగువు తడుముకున్నాయి. ముఖం దగ్గర మాత్రం తెరిచే ఉంది.

నేను విశాఖలో ఒక ఆసుపత్రిలో రేడియేషన్ టెక్నీషియన్‌గా ఉన్న రోజుల్లో అది ముఖమంతా కప్పేది. వేడినీళ్ల తొట్టిలో వేస్తే ఆ ప్లాస్టిక్ రేకు తడిసిన అప్పడంలా మెత్తబడేది. చల్లారేలోగా రోగి ముఖం మీద పరిచి, ముక్కూ నుదురూ గడ్డమూ వేళ్లతో అద్ది అచ్చు తీసి, తల కదలకుండా బల్లకు బిగించేవాళ్లం. రాయగడలో చింతపండు కొట్టున్న మా పిన్నికీ నేనే తీశాను, ఆవిడ ఒత్తయిన జుట్టు మీదుగా. ఆవిడ తలలో గడ్డ కంటి నరాన్ని ఆనుకుని ఉంది. తల కాస్త జరిగినా చూపు పోవచ్చని పెద్ద డాక్టరు ముందే హెచ్చరించారు. ముసుగు బిగించి మేమంతా బయటకు వెళ్లబోతే, పాపం, రోజూ "నువ్వుండవేట్రా?" అని అడిగేది. బయట నుంచి మైకులో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేవాణ్ణి.

రెండో వారం శని, ఆదివారాలు సెలవని రాయగడ వెళ్లిన మనిషి, సోమవారం నున్నటి గుండుతో దిగింది. ముసుగు తొడిగితే లోపల తల ఇటూ అటూ తిరుగుతోంది. గుడ్డ మడతలు దూర్చి ఆ పూటకు కానిచ్చేద్దామని, అబద్ధమెందుకు, ఒక్క క్షణం నాకూ అనిపించింది. చెయ్యి రాలేదు. భయమంతా కోపమై అందరి ముందూ ఆవిడ మీద కేకలేశాను.

"ఎలాగూ రాలిపోద్దన్నారు గదరా. ఇక్కడ ఊడ్సి పారేత్తారని, మొక్కుకుని అమ్మోరికిచ్చీసేను. కోప్పడకురా బాబూ," అంది చిన్నపిల్లలా.

జుట్టు తీయించుకోవద్దన్న ఆ ఒక్క ముక్క ముందు చెప్పనిది నేనే. సిగ్గుతో తల దించుకుని మళ్లీ అచ్చు తీశాను, మళ్లీ స్కాన్ చేయించాను. నాలుగు రోజులు ఆలస్యమైనా చికిత్స సవ్యంగా పూర్తయింది. పిన్ని చివరిదాకా సూదిలో దారం తానే ఎక్కించుకుంది.

ఆవిడ పోయిన పదోనాడు చిన్నాన్న నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: "మీ పిన్ని తన సూపు కోసరం మొక్కలేదురా. నీ సెయ్యి తప్పు సెయ్యకూడదని మొక్కింది."

ఇప్పుడు తెరిచి ఉంచిన ముఖాన్ని కెమెరాలే కనిపెట్టి చూస్తాయట, తల ఏమాత్రం కదిలినా మిషను దానంతటదే ఆగిపోతుందట. మంచిదే, నాలాంటి వాడి కేకలు ఎవరూ పడనక్కర్లేదు. కానీ ఆ మిషను కోసం తలనీలాలిచ్చే వాళ్లెవరుంటారు!