ఎనిమిది మడతల ఉత్తరం

మందు పెట్టెలో మాత్రల పక్కన సన్నటి కాగితం ఒకటి ఉంటుంది. మాత్రలు బయటికి తీసి మనం పారేసేది దాన్నే. ఆ కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి అగ్గిపెట్టెలో పట్టేంత చేయడం ఆమె పని. అచ్చాఫీసులో పదకొండేళ్ళుగా అదే పని. యంత్రానికి చిక్కితే చిరిగిపోయే పలచటి కాగితాలన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి. అంచుకి అంచు కలపడం, బొటనవేలి గోటితో ఒక్క గీత గీయడం, పక్కన పడేయడం. అందరూ ఆమెను మడతలమ్మ అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు.

ఆ బల్ల దగ్గర నియమం ఒక్కటే. కాగితం చదవకూడదు, చదివితే చేయి ఆగుతుంది. "మనకెందుకమ్మా, జబ్బున్నవాళ్ళు చదువుకుంటారు" అనేవాడు ఫోర్‌మన్. "వాళ్ళూ చదవరు లెండి" అనేది మడతలమ్మ తలెత్తకుండా. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వేవారు.

నాలుగేళ్ళ కిందట అయిదో నెలలో ఆమెకు కడుపు పోయింది. ఏడిస్తే బాగుండేది, ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. స్నానం చెయ్యమంటే చేసేది, తినమంటే తినేది, ఎవరూ ఏమీ అనకపోతే సాయంత్రం దాకా ఆ గోడనే చూసేది. రెండు నెలలు చూశాక భర్త ఆమెను మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, మంచివాడే. కాకపోతే తల్లికి మాత్రం నడుం నొప్పికి చూపించానని చెప్పాడు.

మాత్రలు పనిచేశాయి. ఆరు వారాలకి ఒకరోజు పొద్దున, "కూరలో ఉప్పు తక్కువైంది కదూ" అని మడతలమ్మ తనంతట తానే అంది. ఆ ఒక్క మాటకి అతను కంచం ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ తర్వాత ఆమె పనికి వెళ్ళింది, బల్ల దగ్గర మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి.

మళ్ళీ నెల తప్పినప్పుడు ఆమె ముందుగా ఆ డాక్టరు దగ్గరికే పరిగెత్తింది.

"ఉన్నపళంగా ఆపొద్దమ్మా. ఆపితే మీరు మళ్ళీ ఆ గోడ దగ్గరికే పోతారు, అది బిడ్డకీ మంచిది కాదు" అన్నాడాయన. "ఈ మాత్ర వాడిన తల్లుల పిల్లల్లో కొందరు పుట్టాక కొద్ది రోజులు వణుకుతారు, పాలు సరిగ్గా తాగరు, ఆయాసపడతారు. చాలామందికి అదీ ఉండదు. ఉన్నా మామూలుగా సర్దుకుంటుంది. కానీ కాన్పు చేసేవాళ్ళకి తెలియాలి, కనిపెట్టుకుని ఉంటారు. ఈ ఉత్తరం వాళ్ళ చేతికివ్వండి."

ఆమె ఉత్తరం తీసుకుని చదవకుండానే ఎనిమిది మడతలు పెట్టింది. చేతికి అదే అలవాటు.

ఇవ్వడం ఎలా? కాన్పు ఆసుపత్రికి ప్రతిసారీ అత్తగారు వెంట వచ్చేది, చెప్పుల దగ్గర్నుంచి చీటీ దాకా అన్నీ ఆవిడే చూసేది. "ఇప్పుడు అమ్మకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. కాన్పు అయ్యేదాకా ఓపిక పట్టు" అన్నాడు భర్త. మడతలమ్మ ఓపిక పట్టింది. మాత్రలన్నీ ఐరన్ మాత్రల సీసాలో పోసింది. ఉత్తరాన్ని అడుగున దూది కింద దాచింది. అంత చిన్నగా మడిచింది మరి, చక్కగా పట్టింది.

"ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా?" అని నర్సు అడిగితే జవాబు అత్తగారే చెప్పేసేది. "ఐరన్ మాత్రలండీ. మా కోడలు ఒక్కరోజు కూడా మానదు!" అది చెప్పేటప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయేది.

ఆడపిల్ల పుట్టింది. మొదటిరోజు అంతా బాగుంది. రెండోరోజు పిల్ల ఒళ్ళంతా వణకడం మొదలైంది. గుడ్డలో చుట్టినా చేతులు టపటపా కొట్టుకున్నాయి. పాలు పట్టబోతే నోరు తెరిచి, పట్టు దొరక్క, సన్నగా కీచుమని ఏడ్చింది. పక్కటెముకలు ఎగసిపడుతున్నాయి. అద్దాల గదిలోకి తీసుకెళ్ళారు.

పిల్లల డాక్టరమ్మ బయటికి వచ్చి, "రక్తంలో చీము చేరిందేమోనని అనుమానంగా ఉంది. కాన్పుకి ముందు ఐరన్ తప్ప వేరే మందేమీ వాడలేదు కదా?" అని అడిగింది.

మడతలమ్మ భర్త వైపు చూసింది. అతను నేల మీది పలకల వైపు చూశాడు. పక్కన అత్తగారు ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది.

"లేదండీ" అంది మడతలమ్మ.

ఆ సాయంత్రం పిల్ల వెన్నులో సూది పెట్టి నీరు తీశారు. తలుపు మూసే ఉన్నా ఆ ఏడుపు బయటికి వినపడింది. ఆమె చెవులు మూసుకోలేదు, వినాలనే నిలబడింది. మర్నాడు పొద్దున, ఇంకో పరీక్షకి పెద్దాసుపత్రికి పంపాలేమో అన్నారు. ఇక ఆగలేకపోయింది. సీసా మూత తిప్పి, దూది లాగి, ఆ ఉత్తరాన్ని డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

డాక్టరమ్మ ఒక్కొక్క మడతా విప్పుతూ, "ఇంత చిన్నగా ఎలా మడిచారండీ" అంది. మొదటి నుంచి చివరిదాకా చదివింది. "ఇది ముందే ఇచ్చి ఉంటే మొదటిరోజు నుంచే దగ్గర పెట్టుకుని చూసేవాళ్ళం. నిన్నటి సూదికి అంత తొందరపడేవాళ్ళం కాదేమో. సరే, చాలామటుకు ఇది సర్దుకునేదే. మందు వాడటం తప్పు కాదమ్మా. ఇదిగో, మీ మనసు డాక్టరుగారే చివర్లో రాశారు, తల్లి ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదని. పాలు కూడా ఇవ్వొచ్చు."

వెనకే వచ్చిన అత్తగారి చెవిన పడింది. మనసు డాక్టరూ మాత్రలూ అన్నంతవరకే పడింది, చివరి మాట పడలేదు.

"నా మనవరాలికి కడుపులోనే విషం పట్టావటే అమ్మాయ్!" అని వరండా అంతా వినేలా అరిచింది. సీసా లాక్కుని వెళ్ళి చేతులు కడుక్కునే తొట్టిలో బోర్లించి కుళాయి తిప్పింది. భర్త పరిగెత్తుకుంటూ వచ్చాడు. నేనే తీసుకెళ్ళానమ్మా, నేనే దాచమన్నాను అని అనాల్సినవాడు, "అమ్మా, మెల్లగా, నలుగురూ వింటున్నారు" అన్నాడు. పదిహేనో అంతస్తులో తాడుకి వేలాడే మనిషి! ఆ ఒక్క మాటకి మాత్రం వాడికి గుండె చాలలేదు.

అంతకంటే ఘోరం ఏమిటంటే, మడతలమ్మ అత్తగారి మాటే నమ్మింది. డాక్టరు చెప్పింది తలలోకి వెళ్ళింది, అత్తగారు అన్నది గుండెలోకి దిగింది. మళ్ళీ మాత్రలు కావాలని అడగలేదు. వేసుకుంటున్నారా అని డాక్టరమ్మ అడిగితే వేసుకుంటున్నానంది.

పిల్ల తొమ్మిదోరోజుకి వణకడం మానింది. పరీక్షల్లో చీము ఏమీ లేదని తేలింది. పన్నెండోరోజున ఇంటికి వచ్చారు. అన్ని రోజులూ వరండా బల్ల మీదే పడుకుని నడుం పట్టేసినా, అత్తగారు పిల్లను ఎవరికీ ఇవ్వకుండా తనే ఎత్తుకొచ్చింది. పాలు డబ్బావి. పడక ఆవిడ గదిలో. పుట్టిన దగ్గర్నుంచి మడతలమ్మ కూతుర్ని మూడుసార్లే ఎత్తుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ధైర్యం చేసి అడిగింది. "ఒక్కసారి ఇవ్వండి అత్తయ్యా. కూర్చునే పట్టుకుంటాను."

అత్తగారు ఆమె మొహం చూసి కాస్త మెత్తబడింది. "ఆ ఆరిన గుడ్డలు మడిచి తీసుకురా. కొత్త గుడ్డ చుట్టి ఇస్తాను."

మడతలమ్మ మంచం మీద కూర్చుని తెల్లటి చిన్న గుడ్డ ఒకటి అందుకుంది. మాత్రలు ఆగిపోయాక, నాలుగు రోజులుగా తల తిప్పితే లోపల ఏదో జిల్లుమంటోంది. పట్టించుకోలేదు. అంచుకి అంచు కలిపింది, కలవలేదు. విప్పి మళ్ళీ కలిపింది. బొటనవేలు గీత మీద నిలవకుండా పక్కకి జారిపోయింది. ఇంకో గుడ్డ తీసింది. ఆ గుడ్డ గాలికి ఊగినట్టు ఊగుతోంది, గదిలో గాలి లేదు.

అత్తగారు పిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఈసారి అరవలేదు. "అయ్యో, చేతులు అలా వణుకుతున్నాయేమిటే అమ్మాయ్?" అంది జాలిగా. "పిల్లకి తగ్గి నీకు పట్టుకుందా? ఆ చేతుల్లో పసిగుడ్డును ఎలా పెట్టనే?"

మడతలమ్మ తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత పిల్ల చెయ్యి చూసింది. అది గుడ్డలోంచి బయటికి వచ్చి, నాయనమ్మ భుజం మీద కదలకుండా ఉంది.

"వద్దులెండి అత్తయ్యా. మీ దగ్గరే ఉంచండి" అంది. గుడ్డలు పక్కకి జరిపి, గోడవైపు తిరిగి పడుకుంది.