నర్మద అడగని ప్రశ్న

మా సంఘంలో పదకొండు మందిమి ఉన్నాం. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఫ్యామిలీ డాక్టర్లమని చెప్పుకునేవాళ్లం. మమ్మల్ని ఆ పేరుతో పిలిచే నాథుడు లేడనుకోండి. జ్వరం డాక్టర్ అంటారు, సూది డాక్టర్ అంటారు. పెళ్లిళ్లలో గుండె డాక్టర్‌కు ముందు వరసలో కుర్చీ వేసి, మాకు వెనక చూపిస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. నా పేరు హనుమంతు. ముప్పై నాలుగేళ్లుగా ఇచ్చోడలో నా క్లినిక్.

నెలకో ఆదివారం కరీంనగర్‌లో ఓ మెడికల్ షాపు పైగదిలో కలుస్తాం. ఫ్యామిలీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్న పిల్లలకు ఒక్కొక్కరికి మాలో ఒకరిని జత చేస్తాం. పరీక్షకు ముందు వాళ్ల చేత కేసులు చెప్పించడం, పుస్తకాలు ఇవ్వడం, పరేషాన్‌లో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తడం మా పని. మీటింగులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. చాయ్ రాకముందే పెద్దవాళ్లలో ఒకరు లేచి, వైద్యంలో తాము చేసిన తప్పు ఒకటి చెప్పాలి. తర్వాత పిల్లల్లో ఒకరు. చెప్పినవాళ్లను ఎవరూ తిట్టకూడదు, ఓదార్చకూడదు.

నాకు జత చేసిన పిల్ల నర్మద. సిరిసిల్లలో వాళ్ల నాన్న బాలమల్లు మరమగ్గాల మీద పనిచేస్తాడు. బిడ్డ ఈ చదువు తీసుకుందని తెలిసి ఆయన నాలుగు రోజులు ఆలోచించాడట. "అన్ని రోగాలు చూస్తవు సరే బిడ్డా, మరి దేని డాక్టరని మందికి చెప్పుకోవాలె?" అని అడిగాడట. "ఇంటిల్లిపాది డాక్టరని చెప్పు బాపూ" అందట నర్మద. ఆయనకది నచ్చిందో లేదో తెలియదు గానీ అలాగే చెప్పుకుంటున్నాడు.

నర్మద చెయ్యి మహా చురుకు. జమ్మికుంట వైపు ఓ చిన్న సర్కారు దవాఖానలో ఆమెకు డ్యూటీ వేస్తే, మధ్యాహ్నంలోపే డెబ్బై మందిని చూసేసేది. చదువు రానివాళ్లకు మందుల కవర్ల మీద పొద్దుటి గోలీకి సూర్యుణ్ణి, రాత్రి గోలీకి చంద్రుణ్ణి గీసి ఇచ్చేది. ఆ వేగం చూసి నేనే మురిసిపోయి నలుగురిలో పొగిడాను. అక్కడ నాకూ బుద్ధి లేదు.

ఆ దవాఖానకు రాయమల్లు అనే హమాలీ వచ్చేవాడు. పత్తి మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తాడు. షుగర్ ఉంది. మూడు నెలలు గోలీలు వాడినా తగ్గలేదు. నర్మద డోసు రెట్టింపు చేసింది. పుస్తకంలో చూస్తే అందులో తప్పేమీ లేదు.

ఇంట్లో జరుగుతున్నది వేరు. రాయమల్లు భార్య ఐలవ్వకూ షుగరే. ఓ క్యాంపులో బయటపడింది. దవాఖానలో లైను కడితే ఆ రోజు కూలి పోతుందని ఆమె మందుల చీటీ రాయించుకోలేదు. ఇద్దరిదీ ఒకటే రోగం కదా అని, అతనికి ఇచ్చిన గోలీనే విరిచి చెరి సగం మింగుతున్నారు. డోసు పెంచాక కూడా అదే పద్ధతి. పది రోజులకు ఐలవ్వ కూతురి కాన్పుకు ఊరెళ్లింది. ఇక పంచుకునే మనిషి లేదు కాబట్టి రాయమల్లు గోలీ విరవకుండా మొత్తం తనే మింగడం మొదలుపెట్టాడు. వండిపెట్టేవాళ్లు లేక ఓ పొద్దున ఖాళీ కడుపుతో పనికి పోయి, యార్డులో బస్తా కింద పడిపోయాడు. ఒళ్లంతా చెమటలు, పిలిస్తే పలకడు. షుగర్ అడుగంటిపోయింది. తోటి హమాలీలు ఆటోలో తెచ్చారు. గ్లూకోజ్ ఎక్కించి బతికించింది కూడా నర్మదే.

ఐలవ్వ పరుగున వచ్చి నర్మద చేతులు పట్టుకుని ఏడ్చింది. "నాదే తప్పు డాక్టరమ్మా. నేను ఊరికి పోకుంటే సగం నేనే మింగుదును. గిట్ల కాకపోవు."

ఆ మాట విన్నాకే నర్మదకు సంగతంతా తెలిసింది. సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "సార్, నేను సీటు వదులుకుంటున్న. లెటర్ రాసిన. సోమవారం కాలేజీల ఇస్త. ఇంట్ల ఇంకెవరు మింగుతున్నరని ఒక్క మాట అడగలే నేను. గింత చదివి ఏం ఫాయిదా?"

నా నోరు మంచిది కాదు. "నువ్వు పోతే రాయమల్లు షుగర్ తగ్గుతదా?" అని కసిరాను. నాకే సిగ్గేసింది. "ఆదివారం మీటింగుకు మాత్రం రా బిడ్డా. తర్వాత నీ ఇష్టం" అని బతిమాలాను.

వచ్చింది. చివరి కుర్చీలో తల దించుకుని కూర్చుంది. ఆ నెల పెద్దల్లో వంతు నాది. ఎప్పుడూ చెప్పే తప్పే నా దగ్గర సిద్ధంగా ఉంది, మలేరియాను టైఫాయిడ్ అనుకున్న కథ. ఎవరికీ ఏమీ కాని తప్పు. ఇన్నేళ్లూ దాంతోనే నెట్టుకొచ్చాను. ఆ పిల్ల ముఖం చూశాక అది నోటికి రాలేదు. నా క్లినిక్‌కు వచ్చిన వెంకటి గురించి చెప్పాను. ఛాతీలో మంటని వస్తే గ్యాసని సూది ఇచ్చి పంపాను. ఇల్లు చేరకముందే గుండెపోటుతో పోయాడు. నలభై ఏళ్లు కూడా లేవు. ఇరవై రెండేళ్లలో నా భార్యకు కూడా చెప్పలేదది.

నేను కూర్చున్నాక నర్మద లేచింది. ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది.

మాలో అందరికన్నా పెద్ద మంజుల మేడమ్. ఆవిడ ఒక్కటే అడిగారు. "రాయమల్లుకు చెప్పినవా?"

"లే మేడమ్. ఆయన భార్య తప్పు తనదే అనుకుంటుంది. నేనూ ఊకున్న."

"అయితే మాకంటే ముందు వాళ్లకు చెప్పాలె. హనుమంతూ, నువ్వు ఎంట పో."

ఆ మధ్యాహ్నమే ఇద్దరం జమ్మికుంట బస్సెక్కాం. దారిలో నాకు భయమేసింది. జనం మీద పడతారేమోనని కాదు, ఈ పిల్ల మళ్లీ ఎప్పుడూ రోగి ముఖం చూడలేకపోతుందేమోనని.

రాయమల్లు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. నర్మద కూర్చోబెట్టి, తను ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"కాకా, తప్పు నాది. చిన్నమ్మది కాదు. ఇంట్ల ఎట్ల వాడుతున్నరో అడగకుండ గోలీ పెంచిన. అడిగితే మీరు చెప్తుండె. గందుకే నువ్వు పడిపోయినవ్."

ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాయమల్లు ముందు నర్మదను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేనేమైనా సర్దిచెబుతానేమో అనుకున్నాడు కాబోలు. నేనూ నర్మద పక్కన నేల మీద కూర్చున్నాను.

"పెద్ద దవాఖానకు పొమ్మంటున్నరు అందరు" అన్నాడు చివరికి. "గాడ నన్ను ఎవ్వలు గుర్తుపడ్తరమ్మా? మల్ల నీ దగ్గరికి ఎప్పుడు రావాలె?"

నర్మద కళ్లు తుడుచుకుంది. ఐలవ్వ వైపు తిరిగింది.

"రేపే రాండ్రి కాకా. చిన్నమ్మను కూడ తోల్కరా, ఆమె పేరు మీద వేరే చీటీ రాస్త. తొమ్మిదింటికల్లా నేను దవాఖానలనే ఉంట."