మగ్గం గుంతలోకి దిగిన మారెక్క

"ఈ ఇద్దర్లో నీకెవురు కావాలప్పా?"

1961లో పామిడి కరీం సాబ్ ధర్మవరం నేతగాడు శ్రీరంగప్పను ఇలా అడిగాడు. దయ్యాలు వదిలిస్తాడని పేరున్న ఆ ముసలాయన ఎదుట కూర్చున్నది ఒక్క మనిషే, శ్రీరంగప్ప భార్య భద్రమ్మ.

భద్రమ్మ మగ్గానికి దారం కండెలు చుట్టేది. నేత వచ్చింది ఆమె అక్క మారెక్కకు. 1952 కరువులో, గంజి కోసం నిలబడ్డ వరుసలో, చెల్లెలి చెయ్యి పట్టుకునే మారెక్క ప్రాణం విడిచింది. ఏడేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం భద్రమ్మ మగ్గం గుంతలోకి దిగి, అచ్చం మారెక్క గొంతుతో మొగుడితో, "జరుగు మరిదీ, అంచు వంకర పోతాండాది. నీకంటే మా నాయన మగ్గం కింది పిల్లి మేలు" అంది. చక్కగా నేసింది కూడా. దయ్యమేమీ నేర్పలేదు; చిన్నప్పుడు అక్క పక్కన కూర్చుని చూసిన పనే.

శ్రీరంగప్ప భయపడ్డాడు. చీర పూర్తయి మగ్గం దిగేసరికి, దాని కూలి చూసి భయం తగ్గింది. తెలివి వచ్చాక భద్రమ్మకు ఏదీ గుర్తుండేది కాదు.

"ఇదెవురు నేసినారు?"

"నేనే."

"మరి నా చేతి యేళ్లెందుకు తెగినాయి?"

"యాడో గీసుకునింటావులే."

రెండేళ్లు ఇదే అబద్ధం. చివరికి భద్రమ్మ తన బిడ్డను పక్కింటి హనుమంతమ్మ ఒళ్లో పెట్టి, "నా చేతులు ఏం చేస్తాండాయో నాకే తెల్దక్కా, నువ్వే సాకు" అంది. అప్పుడు గానీ శ్రీరంగప్ప కదలలేదు.

బళ్లారి డాక్టరు హిస్టీరియా అని నిద్రమాత్రలు రాశాడు. ఇప్పటి పుస్తకాల్లో ఇంకా పొడుగు పేరుంది. కరీం సాబ్‌ది మూఢనమ్మకమని నేనూ నవ్వగలను. కానీ మారెక్కను కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడింది ఆయనొక్కడే. ఒంటిమీదికి వచ్చినవాళ్ల కోరిక తీర్చి పంపడం ఆయన పద్ధతి.

"భద్రమ్మే కావాల" అన్నాడు శ్రీరంగప్ప, తల వంచుకుని.

"నీకేం కావాలమ్మా?" అని సాబు మారెక్కను అడిగాడు.

"నిమ్మకాయలూ కోడిపుంజూ నాకొద్దు సాబూ. పదకొండు చీరలు నేసినా. కూలి ఇయ్యమను. అంతకు ముందు, నేసిందెవురో నా చెల్లెలికి చెప్పమను."

శ్రీరంగప్ప మాట ఇచ్చాడు. మారెక్క మళ్లీ రాలేదు.

తిరుగు బస్సులో అంతా చెప్పాడు. భద్రమ్మ తెగిన వేళ్లు చూసుకుంది.

"రెండేండ్లు నా బిడ్డను ముట్టుకోడానికి భయపడితి. నువ్వు చూస్తా ఉంటివి."

ఇంటికి రాగానే, చీరకు పద్దెనిమిది రూపాయల లెక్కన శ్రీరంగప్ప ఆ కూలి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నేసింది నేను కాదు. మా యక్క దుడ్లు నాకెందుకు?" అని, బిడ్డను తెచ్చుకోవడానికి పక్కింటికి వెళ్లింది.

ఆ నూటతొంభై ఎనిమిది రూపాయలు శ్రీరంగప్ప ఇప్పటికీ ఎవరికీ ఇవ్వలేదు.