జాకీల మీద నిలబడ్డ ఇళ్ళు చూసొచ్చాం

మేం ఈ ఇల్లు కొన్న కొత్తలో వీధిలోంచి మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్ళం. ఇప్పుడు ఒక మెట్టు దిగి వస్తున్నాం. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు, దాని మీద ఇంకో కొత్త రోడ్డు వేసుకుంటూ పోతే మా గడప నేలలోకి దిగిపోయినట్టయింది. తెనాలిలో గట్టి వాన కురిస్తే వీధిలో నీళ్ళు ముందు మా ఇంట్లోకి వచ్చి, అందరినీ పలకరించి, ఆ తర్వాత కాలువకి పోతాయి. వాచీలు బాగుచేసే మా ఆయన అప్పుడు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు. బకెట్ పట్టుకునేది నేను.

పడగొట్టి మళ్ళీ కట్టే ఓపిక మాకు లేదు. గోడలను పునాది దగ్గర కోసి, కింద జాకీలు పెట్టి, ఇంటిని ఉన్నదున్నట్టు పైకి లేపుతారని విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పని చేసే సత్తిబాబు మేస్త్రీ వచ్చి చూసి మూడడుగులు లేపుతానన్నాడు. తన పని కళ్ళారా చూసుకోమని సూర్యలంకలో ఒకటి, రేపల్లెలో ఒకటి, రెండిళ్ళు చెప్పాడు. "ఆదివారం పొద్దున్నకల్లా మాట చెప్పండమ్మా. లేదంటే జాకీలు వేరే ఊరెళ్ళిపోతాయి. ఇక మీ వంతు వానలు వెనకబట్టాకే" అన్నాడు.

ఒక్కటే చిక్కు. పక్కింటి సుగుణ వదినకీ మాకూ మధ్యగోడ ఒకటే. ఎవరో ఒకే ఇంటిని రెండు ముక్కలు చేసి అమ్మితే చెరో సగం కొనుక్కున్నాం. ఆ గోడలో, వంటింటి దగ్గర, పెద్ద గుండిగ పట్టేంత కిటికీ ఉంది. మా పప్పు అటు వెళుతుంది, వాళ్ళ చేపల పులుసు ఇటు వస్తుంది. మా అమ్మాయి పాకే వయసులో ఆ కిటికీలోంచే అటూ ఇటూ చేతులు మారింది. వదిన ప్రసూతి ఆసుపత్రిలో నర్సు, నదురూ బెదురూ లేని మనిషి. కానీ ఇల్లు లేపుదామంటే మాత్రం ససేమిరా అంది. "లేపడానికి ఇల్లేమన్నా మంచమా? గోడలు పగిలితే ఎక్కడికి పోతాను? మీరు లేపుకోండి, నేనేమీ అనుకోను" అంది. సత్తిబాబు దానికీ మార్గం చెప్పాడు. "మధ్యగోడ మిషన్ పెట్టి కోసేస్తాం. మీ వైపు కొత్త గోడ లేపుతాం" అన్నాడు. నాకు మా ఇంట్లోకి నీళ్ళు రాకపోతే చాలనిపించింది. సరేనన్నాను.

రెండో శనివారం మా స్కూలుకి సెలవు. నేను అక్కడ గుమాస్తాని. తాళంచెవి వదినకిచ్చి, ఉదయం ఆరున్నరకల్లా తెనాలి స్టేషన్‌కి చేరాం. బాపట్ల వైపు వెళ్ళే పాసింజర్లో శనివారం కూడా సీటు దొరుకుతుంది. కాకపోతే రెండో నంబరు ప్లాట్‌ఫాం మీద ఇడ్లీలు కొనుక్కుని ఎక్కడం మంచిది, బండిలో టీ తప్ప ఏమీ రాదు. మా ఎదురుగా చీరల మూటతో చీరాల వెళ్ళే ఒకామె కూర్చుంది. ఎందుకు వెళ్తున్నామో చెప్పగానే ఆమె మా ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఇల్లు లేపేటప్పుడు మీరు ఎక్కడుంటారండి?"

"ఇంట్లోనే ఉండొచ్చంటున్నారు" అన్నారు మా ఆయన.

"నేనైతే ఉండనండి. బస్సు ఎత్తెక్కి దిగితేనే నాకు కడుపులో తిప్పుద్ది" అంది ఆమె. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. బాపట్ల వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు.

బాపట్లలో దిగి సూర్యలంకకి ఆటో మాట్లాడుకున్నాం. వెళ్ళేవాళ్ళకి ఒక మాట. రానూ పోనూ కలిపి మాట్లాడుకోండి. శని, ఆదివారాల్లో గుంటూరు నుంచీ మా ఊరి నుంచీ జనం స్నానాలకి ఎగబడతారు, తిరుగు ఆటో దొరకడం గగనం. సరుగుడు తోటలు దాటగానే ఉప్పుగాలి మొహానికి తగిలింది. మేం సముద్రం వైపు కాకుండా పల్లెకారుల ఇళ్ళ వైపు తిరిగాం.

ఆ ఇల్లు చూడగానే నా అడుగు ఆగిపోయింది. గోడలూ స్లాబూ కిటికీలూ అన్నీ సవ్యంగా ఉన్నాయి. గోడల కిందనించి మాత్రం వెలుతురు కనబడుతోంది. వరసగా నిలబెట్టిన జాకీల మీద ఇల్లు కూర్చుని ఉంది. లోపల్నించి చేపలు వేయిస్తున్న వాసన వస్తోంది. ఇంటాయన పోలయ్య వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. గాలివాన వచ్చినప్పుడల్లా ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచేవట.

"మీకు భయం లేదా?" అని అడిగాను.

"పడవలో పడుకుని నిద్రపోయేవాళ్ళమండి. ఇది పడవంత కూడా ఊగట్లేదు" అన్నాడు పోలయ్య.

అతని భార్య రత్తమ్మ లోపలికి పిలిచింది. ఆమె కష్టం వేరు. గోడలు లేస్తున్నాయి గానీ నేల లేవదు. నేలను ఆఖర్న మట్టి పోసి ఎత్తు చేస్తారు. వంటగట్టు బండ గోడలోకి దిగేసి ఉంది కాబట్టి గోడతో పాటు అదీ లేస్తోంది. "మొన్న పొయ్యి నా నడుం దగ్గరుండేదక్కా. ఇవాళ గుండెల దాకా వచ్చింది. రేపు పీటెక్కి కూర కలపాల" అని నవ్వింది. కిటికీ అంచు మీద ఒక స్టీలు గ్లాసు, దాని నిండా నీళ్ళు. పని మొదలైన రోజున ఆమే పెట్టిందట. ఒక్క చుక్క ఒలికినా పని ఆపించేస్తానని మేస్త్రీకి చెప్పేసిందట.

ఇంతలో పనివాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరూ రెండు మూడు జాకీల దగ్గర కూర్చున్నారు. ఒకతను ఈల ఊదాడు. అందరూ ఒక్కసారే కడ్డీ తిప్పారు. మళ్ళీ ఈల, మళ్ళీ ఒక్కసారే. ఈల లేకుండా ఎవరూ చెయ్యి కదపరు.

"ఒకడు ముందు తిప్పితే ఏమవుద్ది?" అని మా ఆయన అడిగారు.

"ఆ పక్క లేచుద్ది, ఈ పక్క చీలుద్దండి" అన్నాడు ఈల ఊదేవాడు.

మా ఆయన గ్లాసు దగ్గరికి వెళ్ళి, వాచీ లోపలికి చూసినట్టు ఒక కన్ను మూసి చూశారు. ఈల మోగింది. నీళ్ళు అంచు మీద వణికాయి, ఒలకలేదు. "సరిగ్గానే చేస్తున్నారు" అన్నారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నోట ఇంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు. రత్తమ్మ ఇచ్చిన వేపుడు ముక్కలు నిలబడే తిన్నాం, కూర్చోవడానికి కుర్చీలన్నీ బయట ఉన్నాయి.

తిరిగి బాపట్ల వచ్చి, బస్టాండు ఎదురుగా మెస్సులో భోజనం చేసి, ఒంటిగంటకి చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్ళే బస్సెక్కాం. ఆడవాళ్ళకి బస్సు ఉచితం కాబట్టి నాకు సున్నా టికెట్టు, ఆయనకి డబ్బుల టికెట్టు. "ఇంటి మనిషి వెంట వచ్చిన సామాను కింద నన్ను రాసుకోవయ్యా" అని ఆయన కండక్టరుతో అన్నారు. సగం బస్సు నవ్వింది. గ్లాసు ఒలకనందుకే ఆయనకి ఇంత హుషారు. దారి పొడుగునా పొట్టకొచ్చిన వరి, కాలువల మీద గుర్రపుడెక్క. ప్రతి ఊళ్ళోనూ రోడ్డు ఎత్తుగా ఉంది, ఇళ్ళు పల్లంలో ఉన్నాయి. ఇన్నాళ్ళూ అదే దారిలో పెళ్ళిళ్ళకి వెళ్ళాను గానీ ఈ సంగతి నా కంటపడలేదు.

రేపల్లెలో చూడాల్సిన ఇల్లు ఒక రిటైర్డు మాస్టారిది. లేపి ఏడాది దాటింది. ఆరు మెట్లు, పైన నున్నటి వరండా, గోడకి బీట అన్నదే లేదు. మాస్టారు ప్రతి మూలా తిప్పి చూపించారు. "ఇల్లు మారలేదు కదా, గృహప్రవేశం అక్కర్లేదన్నారండి పంతులు గారు. మా ఆవిడ ఊరుకోలా, పాలు పొంగించింది" అని మురిసిపోయారు. ఇంకో రెండుసార్లు రోడ్డు వేసినా దిగుల్లేదట. నాకు ఆశ పెరిగిపోయింది. మా వరండా కూడా ఇలాగే ఉండాలని మనసులో కొలతలు వేసుకున్నాను.

మా ఆయన పునాది చూడటానికి ఇంటి వెనక్కి వెళితే నేను పక్క సందులోకి వచ్చాను. మాస్టారి స్థలం కూడా మట్టి పోసి ఎత్తు చేశారు. ఆ ఎత్తుకి ఆనుకుని పల్లంలో ఒక చిన్న డాబా ఉంది. దాని గుమ్మంలో అడ్డంగా ఇటుకలు పేర్చి సిమెంటు పూశారు. ఒకామె ఆ ఇటుకల మీదుగా కాలెత్తి దాటి బయటికి వచ్చింది.

"ఇల్లు చూడటానికొచ్చారా? సత్తిబాబు వారానికొకళ్ళని పంపుతాడు" అంది.

"ఈ ఇటుకలేంటమ్మా?" అన్నాను.

"ఇదివరకు వాననీళ్ళు చెరిసగం పంచుకునేవాళ్ళమండి. ఇప్పుడు వాళ్ళవీ మాకే." ఆమె మాటలో కోపం లేదు. "వాళ్ళది లేచింది, మాది దిగింది. మేస్టారు మంచోరే. మా పిల్లలకి ఊరికే చదువు చెప్పేవారు. ఇప్పుడు పిల్లలు ఆ మెట్లెక్కి వెళ్ళరు. నాకూ తలెత్తి పలకరించడమంటే అదోలా ఉంటది."

మళ్ళీ మెట్లెక్కి వరండాలోకి వచ్చాక మాస్టారిని అడిగాను, పక్కింటివాళ్ళతో బాగానే ఉంటారా అని. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అరుగు మీద కూర్చుంటే ఇటు నుంచి అటు కబుర్లు నడిచేవండి. ఇప్పుడు ఇక్కడ కూర్చుంటే వాళ్ళ స్లాబే కనబడుద్ది" అన్నారు. వాళ్ళని కూడా కలుపుకుని లేపించి ఉండాల్సిందని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. కాఫీ తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాం.

సాయంత్రం అయిదు దాటాక రేపల్లె నుంచి తెనాలి పాసింజరు ఎక్కాం. ఖాళీగా ఉంది. భట్టిప్రోలు దాటేసరికి వాన పట్టుకుంది. మా ఆయన హుషారుగా లెక్కలు చెబుతున్నారు, మెట్లకి ఏ రాయి, వరండాకి ఏ గ్రిల్లు అని. నాకు ఒక్కటీ చెవికెక్కలేదు. మూడడుగులు పైన మా వంటింట్లో నేను నిలబడి ఉంటాను. కింద వాళ్ళ వంటింట్లో వదిన ఉంటుంది. మధ్యలో కొత్త గోడ. మా నీళ్ళు వాళ్ళ ఇంట్లోకి. నేను సరేనన్నది దీనికే. నామీద నాకే ఒళ్ళు మండింది.

వేమూరులో బండి ఆగి ఉండగా ఫోన్ మోగింది, సుగుణ వదినే.

"ఎక్కడున్నారు? ఇక్కడ కుంభవృష్టి. మీ ఇంట్లోకి వచ్చేసింది. కొల్లిపర నుంచి తెచ్చుకున్న బియ్యం బస్తా తడవకుండా మంచం మీదికి ఎత్తించాను. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను. కంగారు పడకండి."

"మరి మీ ఇంట్లోకి?"

"వచ్చిందిలే. మీది తోడేశాక చూసుకుంటా."

ఫోన్ పెట్టేశాక నాకు కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. మా ఆయన అడిగారు, చెప్పాను. రేపల్లె సందులో ఆమె అన్న మాట కూడా చెప్పాను. ఆయన వాచీ పట్టీ తిప్పుకున్నారు. "ఇప్పుడు జాకీలు వదులుకుంటే మళ్ళీ వానలన్నీ మన ఇంట్లోనే" అన్నారు.

"మన రెండిళ్ళలోనూ" అన్నాను. సత్తిబాబుకి ఫోన్ చేశాను. రేపు మాట ఇవ్వలేమని, ఇస్తే రెండిళ్ళకీ కలిపే ఇస్తామని చెప్పాను.

"జాకీలు అవతలి పార్టీకి వెళ్ళిపోతాయమ్మా, తర్వాత నన్ననొద్దు" అన్నాడు.

"వెళ్ళనీ బాబూ" అన్నాను.

తెనాలిలో దిగేసరికి ఏడు కావస్తోంది. ఒక్క రోజులో మూడు ఊళ్ళు తిరిగొచ్చాం. పని గురించి నాకిప్పుడు ఏ సందేహమూ లేదు. ఇల్లు లేపడం సాధ్యమే, గోడ చీలదు. చీలేది ఇంకేదో ఉందని మాత్రం సత్తిబాబు చెప్పలేదు. అతన్ని తప్పుపట్టడానికీ లేదు, మేమూ అడగలేదు.

ఇంట్లో నేల తడిగా ఉంది గానీ నీళ్ళు లేవు. బియ్యం బస్తా మా ఆయన చోటులో మంచం మీద దర్జాగా కూర్చుంది. గోడ అవతల చీపురుతో నీళ్ళు ఊడుస్తున్న చప్పుడు వినబడుతోంది. మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా బకెట్ తీసుకుని వదిన వాళ్ళింటికి వెళ్ళారు. నేను కిటికీ దగ్గర నిలబడి సూర్యలంక కబుర్లన్నీ చెప్పాను. జాకీలు, ఈల, పీటెక్కి వండబోయే రత్తమ్మ, కిటికీ అంచు మీద గ్లాసు.

వదిన చీపురు ఆపి వింది. తర్వాత వేడి చారు గిన్నె కిటికీలోంచి ఇచ్చింది. నా చేతికి సరిగ్గా అందింది.

"రేపు వెళదాం వదినా. నీ కళ్ళతో నువ్వే చూద్దువు గాని" అన్నాను.

"చర్చిలో ఆరాధన అయ్యాక వస్తాను" అంది. మళ్ళీ రెండడుగులు వెళ్ళి వెనక్కి వచ్చింది. "గ్లాసు మాత్రం మన ఇంటి నుంచే తీసుకెళ్దాం. నీళ్ళు నేనే పోస్తాను."